కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది కట్టుబాట్లు ఉండాలా వద్దా? మన జిల్లాల వాళ్ల అభిప్రాయాలు కావాలి

నయీంనగర్_నాన్న:
మా వాడికి బండి టెస్టుకు స్లాట్ దొరికింది. పాసైతే ఆ సాయంత్రం నుంచే, ఎన్నో ఏళ్లుగా బండి నడుపుతున్న నాకూ వాడికీ చట్టం ముందు ఏ తేడా ఉండదు. రాత్రి పన్నెండు గంటలకు ములుగు రోడ్డు మీద, వెనక దోస్తును కూర్చోబెట్టుకుని, 200 సీసీ బండి మీద పోయినా "నీకు ఇంకా టైం ఉంది బిడ్డా" అని ఆపే రూల్ ఒక్కటి కూడా లేదు. ఇది నాకు అస్సలు మింగుడు పడడం లేదు.

చాలా దేశాల్లో లైసెన్స్ ఒక్కసారే మొత్తం చేతిలో పెట్టరు, దశలవారీగా ఇస్తారు. న్యూజిలాండ్‌లో 1987లోనే మొదలుపెట్టారు. ముందు లెర్నర్, తర్వాత రెస్ట్రిక్టెడ్, ఆ తర్వాతే ఫుల్ లైసెన్స్. రెస్ట్రిక్టెడ్‌లో ఉన్నన్ని రోజులు రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు పక్కన అనుభవం ఉన్న మనిషి లేకుండా నడపడానికి లేదు, దోస్తులను ఎక్కించుకోవడానికి లేదు. మన దగ్గర కూడా మొదటి ఏడాది మూడు కట్టుబాట్లు పెట్టాలని నా అభిప్రాయం. రాత్రి పది తర్వాత బండి తీయొద్దు, వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు, పెద్ద ఇంజన్ బండి ముట్టొద్దు. మీరేమంటారు? పిల్లలున్న వాళ్లు, పిల్లలు కూడా చెప్పండి.

కేయూ_క్రాస్‌రోడ్స్:
అంకుల్, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. 18 ఏళ్లకు ఓటు వేయొచ్చు, ఉద్యోగం చేయొచ్చు, రాత్రి పదికి బండి నడపొద్దా? మా హాస్టల్‌లో ముగ్గురు నలుగురు రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేసి ఫీజు కట్టుకుంటున్నారు. అందరూ మొన్నమొన్న లైసెన్స్ తీసుకున్నవాళ్లే. డెలివరీకి గిరాకీ ఉండేదే రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా. మీ రూల్ వస్తే వాళ్ల చదువు ఆగిపోతుంది. న్యూజిలాండ్‌లో పదహారేళ్ల పిల్లలకు కారు ఇస్తారు కాబట్టి వాళ్లకు ఆ రూల్ అవసరం. మనకు ముందే 18 దాకా ఆగమన్నారు కదా, ఇంకా ఎన్నేళ్లు ఆగాలి?

డ్రైవింగ్‌సార్_హన్మకొండ:
నేను కార్లు, బండ్లు రెండూ నేర్పిస్తా. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మనకు దశలు లేవని అందరూ అనుకుంటారు కానీ కాగితం మీద మొదటి దశ ఉంది. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, ఆరు నెలలు చెల్లుతుంది. ఆ టైంలో తెల్ల ప్లేటు మీద ఎర్ర ఎల్ అక్షరం ముందూ వెనకా పెట్టాలి. కారైతే లైసెన్స్ ఉన్న మనిషి పక్కనే, బండిని ఆపగలిగేటట్టు కూర్చోవాలి. టూవీలరైతే నేర్పే మనిషిని తప్ప వెనక ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. అంటే నయీంనగర్ అన్న అడిగే రెండో కట్టుబాటు ఎల్‌ఎల్‌ఆర్ వాళ్లకు ఎప్పటి నుంచో ఉంది. మరి హన్మకొండ చౌరస్తాలో ఎల్ బోర్డు పెట్టిన బండిని మీరెప్పుడైనా చూశారా? మా స్కూల్ కార్లకు తప్ప నేను చూడలేదు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజులకు టెస్టుకు పోవచ్చు. ఆ 30 రోజుల్లో ఎన్ని గంటలు నడిపావు, రాత్రి నడిపావా, వానలో నడిపావా, ఎవరూ అడగరు. టెస్టులో బండిని ఎనిమిది అంకె ఆకారంలో, కారును హెచ్ అక్షరం ఆకారంలో తిప్పాలి. కాలు కింద పెట్టకుండా ఎనిమిది తిప్పితే పాస్. అది బ్యాలెన్స్ చూసే పరీక్ష, అంతే. ఎదురుగా లారీ హెడ్‌లైట్ కళ్లలో కొడుతుంటే ఏం చేయాలి, ముందున్న ట్రాక్టర్‌ను ఎప్పుడు దాటాలి, ఎప్పుడు దాని వెనకే పోవాలి, ఇవేవీ ట్రాక్ మీద తేలవు. రెండో దశ అనేది మన చట్టంలో ఖాళీ. నేను అడిగేది ఆ ఖాళీ నింపమని.

ఎనుమాముల_వైపు:
సార్ చెప్పింది వంద శాతం కరెక్ట్. కాకపోతే ఆ ఎనిమిది కూడా వేయకుండా లైసెన్స్ ఇంటికి వచ్చినవాళ్లను నేను చూశాను. ఏజెంటుకు పైసలు ఇస్తే చాలు. ఉన్న ఒక్క టెస్టే సరిగ్గా జరగనప్పుడు ఇంకో దశ పెడితే ఏమవుతుంది? ఏజెంటుకు ఇంకో ఫీజు. నాకు ఈ కొత్త రూల్స్ మీద నమ్మకం లేదు.

పరకాల_టు_టొరంటో:
మాది పరకాల, ఉండేది కెనడా, అంటారియో. ఇక్కడ 1994 నుంచి దశలవారీ లైసెన్స్. కేయూ తమ్ముడు అన్నదానికి ఇక్కడి సంగతి పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఇది చిన్న పిల్లలకు మాత్రమే కాదు. నలభై ఏళ్లకు మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నా ఇదే దారి. ముందు రాత పరీక్ష రాస్తే జీ1 ఇస్తారు. అది ఏడాది, డ్రైవింగ్ స్కూల్ కోర్సు చేస్తే ఎనిమిది నెలలు. జీ1లో ఒంటరిగా నడపకూడదు, పక్కన కనీసం నాలుగేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి, అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు దాకా నడపకూడదు, 400 నంబర్లతో మొదలయ్యే పెద్ద హైవేల మీదకు పోకూడదు. తర్వాత రోడ్డు టెస్టు పాసైతే జీ2. ఇక ఒంటరిగా నడపొచ్చు, హైవే ఎక్కొచ్చు, కానీ ఒంట్లో చుక్క మందు ఉండకూడదు. 19 లోపు వాళ్లయితే జీ2 వచ్చిన మొదటి ఆరు నెలలు అర్ధరాత్రి తర్వాత తమ ఈడు వాళ్లను ఒక్కరినే ఎక్కించుకోవాలి. మళ్లీ ఇంకో టెస్టు, హైవే మీద. అది పాసైతేనే జీ, అంటే ఫుల్ లైసెన్స్.

ఇక్కడ నాకు నచ్చింది ఏంటంటే, ఇది వయసుకు సంబంధించిన శిక్షలాగా ఉండదు, అనుభవానికి సంబంధించింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 18 దాటితే ఈ కట్టుబాట్లు పోతాయి. దాంతో కొంతమంది పిల్లలు ఆ గోలంతా ఎందుకని 18 దాకా ఆగి నేరుగా ఫుల్ లైసెన్స్ తీసుకుంటారు. అక్కడి పరిశోధకులు లెక్కలు తీస్తే 16 ఏళ్ల వాళ్ల ప్రాణాంతక ప్రమాదాలు తగ్గాయి గానీ 18 ఏళ్ల వాళ్లవి కొంత పెరిగినట్టు కూడా కనిపించింది. న్యూజెర్సీలో మాత్రం 21 లోపు కొత్తగా నేర్చుకునే వాళ్లందరికీ వర్తింపజేశారు. మన దగ్గర మొదలయ్యేదే 18కి కాబట్టి, పెడితే అంటారియోలాగా వయసుతో సంబంధం లేకుండా పెట్టాలి. అప్పుడే "18 నిండాయి కదా" అనే వాదనకు చోటుండదు.

కేయూ_క్రాస్‌రోడ్స్:
అన్నా, వయసుతో సంబంధం లేకుండా అందరికీ అంటే అది కొంచెం న్యాయంగా ఉంది. కానీ రాత్రి డ్యూటీ వాళ్ల సంగతి చెప్పలేదు.

పరకాల_టు_టొరంటో:
చాలాచోట్ల ఉద్యోగానికి, చదువుకు, దవాఖానకు మినహాయింపు ఉంటుంది తమ్మీ. టెక్సాస్‌లో కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్లలు అర్ధరాత్రి నుంచి ఐదు దాకా నడపకూడదు, కానీ పనికో, స్కూల్ కార్యక్రమానికో, ఎమర్జెన్సీకో అయితే పోవచ్చు.

ఖని_బిడ్డ:
మాది గోదావరిఖని. మినహాయింపు లేకపోతే మా దగ్గర అసలే నడవదు. తండ్రి ఉద్యోగం వారసత్వంగా వచ్చి సింగరేణిలో చేరిన పిల్లలకు సెకండ్ షిఫ్ట్ దిగేసరికి రాత్రి పదకొండు, నైట్ షిఫ్ట్‌కు బయలుదేరేది కూడా అప్పుడే. గని దగ్గర నుంచి ఇంటికి ఆ టైంకు బస్సు ఎక్కడిది? బండే దిక్కు. అయినా కట్టుబాటు ఉండాలనే నేను కూడా అంటాను. డ్యూటీ కార్డు జేబులో ఉంటే పోనివ్వండి. కానీ షిఫ్ట్ పేరు చెప్పి రాజీవ్ రహదారి మీద రేసులు పెట్టేవాళ్లను మాత్రం వదలొద్దు.

ఎమర్జెన్సీ_సిస్టర్:
నేను వరంగల్‌లో ఎమర్జెన్సీ వార్డులో నర్సును. రాత్రి డ్యూటీ అంటే మాకు టెన్షన్ మొదలయ్యేది తొమ్మిదిన్నర, పది తర్వాతే. వచ్చేవాళ్లలో చాలామంది బండి మీది పిల్లలే. ఒక్కడే వస్తే ఒక రకం, ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చారంటే ఒకే బండి మీది వాళ్లని ముందే తెలిసిపోతుంది. నడిపినవాడికి చేయి విరుగుతుంది, వెనక కూర్చున్నవాడికి తలకు దెబ్బ. వెనకవాడికి హెల్మెట్ ఉండదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బండి ఎటు తిరుగుతుందో వాడికి తెలియదు. అందుకే వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు అన్న మాటకు నేను రెండు చేతులూ ఎత్తుతాను.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో 44.5 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్లే. ఈ చర్చలో కార్ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నాం, మన ఊళ్లలో ప్రాణాలు పోయేది బండ్ల మీద.

తల్లిదండ్రులకు ఒక్క మాట. దవాఖానకు వచ్చి "వాడికి బండి ఇవ్వద్దని వాళ్ల నాన్నకు చెప్పాను" అని ఏడ్చే అమ్మలను చూడడం నావల్ల కావడం లేదు. చట్టం వచ్చేదాకా ఆగకండి, తాళం మీ దగ్గరే ఉంది కదా.

నర్సంపేట_రైతు:
సిస్టర్ గారికి దండం. మా పల్లెల సంగతి కూడా వినండి. పట్నంలో 18 దాటినవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్లగాడు పొలం కాడికి సద్ది తీసుకుని బండి మీదే పోతాడు. ట్రాక్టర్ కూడా నడుపుతాడు. ఎవరినని ఆపుతారు? ఇంకోటి, రాత్రి మా రోడ్ల మీద ప్రమాదం ఒక్క పిల్లల తప్పుతోనే జరగదు. వరి కోతలప్పుడు తారు రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున రాళ్లు పెడతారు, రాత్రికి పైన నల్ల పరదాలు కప్పుతారు. పత్తి, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లకు వెనక లైట్ ఉండదు, రేడియం స్టిక్కర్ ఉండదు. కొత్తగా నేర్చుకున్న పిల్లగాడికి ఇవి కనబడేసరికి బండి వాటి మీదనే ఉంటుంది. కల్లాలు కట్టించమని మేము అడుగుతూనే ఉన్నాం. పిల్లలకు రాత్రి కట్టుబాటు పెట్టండి, మంచిదే, కానీ ట్రాక్టర్‌కు రిఫ్లెక్టర్ కూడా అంతే గట్టిగా అడగాలి.

డ్రైవింగ్‌సార్_హన్మకొండ:
రైతన్న చెప్పింది అసలు విషయం. అందుకే రాత్రి అసలు నడపొద్దు అనేకంటే, పక్కన పెద్దవాళ్లుంటే నడపొచ్చు అనే న్యూజిలాండ్ పద్ధతి నాకు నచ్చుతుంది. రాత్రి నడపకుండా రాత్రి నడపడం రాదు. వడ్ల కుప్ప దూరం నుంచి నల్లగా ఎట్లా కనబడుతుంది, ఎదురు బండికి డిమ్ ఎప్పుడు కొట్టాలి, మన లైటు వెలుగు ఎంత దూరం పడుతుందో అంతలో బండి ఆగే వేగంలోనే పోవాలి, ఇవన్నీ ఎవరో పక్కనుండి చూపించాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లు కారైతే చాలామంది రాత్రి క్లాసు వద్దంటారు. ఇంటికి తొందరగా పోవాలని, టెస్టులో రాత్రి ఉండదు కదా అని.

సిటీ లైట్లలో ఒకసారి, కరీంనగర్ రోడ్డు మీద హసన్‌పర్తి దాటాక ఇంకోసారి నడిపిస్తే వాళ్లకే తేడా తెలుస్తుంది.

బాలసముద్రం_అమ్మ:
నాకు ఇద్దరు ఆడపిల్లలు. మీరందరూ మాట్లాడుతుంటే నాకు ఒక్కటి కలుక్కుమంటోంది. మా పెద్దమ్మాయి స్కూటీ మీద కోచింగ్‌కు పోతుంది, వచ్చేటప్పుడు దోస్తును వెనక ఎక్కించుకుని వస్తుంది. చలికాలం ఆరున్నరకే చీకటి. మీ రూల్ ప్రకారం వెనక ఎవరూ ఉండొద్దంటే ఇద్దరు ఆడపిల్లలు వేరే వేరేగా, ఒక్కొక్కరే రావాలి. నాకు ఆ ఇద్దరూ కలిసి రావడమే ధైర్యం. రోడ్డు ప్రమాదం ఒక్కటే ప్రమాదం కాదు అన్నయ్యా, ఆడపిల్లల తల్లులను అడగకుండా ఈ రూల్ రాయొద్దు.

నయీంనగర్_నాన్న:
అక్కా, మీరు చెప్పింది నేను ఆలోచించని కోణం. మగపిల్లల దోస్తుల గుంపులే నా కళ్ల ముందున్నాయి. అట్లాగైతే వెనక ఒక్కరు ఉండొచ్చు, ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి, రాత్రి పది తర్వాత మాత్రం వెనక కూర్చునే మనిషి ఇంట్లోవాళ్లో, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లో అయ్యుండాలి అంటే మీకు సరేనా?

బాలసముద్రం_అమ్మ:
పది తర్వాత అంటే సరే. ఎట్లాగూ ఆ టైంకు వాళ్ల నాన్న పోయి తీసుకొస్తాడు.

ఎమర్జెన్సీ_సిస్టర్:
హెల్మెట్ ఇద్దరికీ అని రాసినందుకు సంతోషం. చట్టంలో కూడా నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలనే ఉంది. నేను మాత్రం మొదటి ఆరు నెలలు వెనక ఎవరూ వద్దనే అంటాను. అక్కా, కోపం తెచ్చుకోవద్దు.

మెల్‌బోర్న్_మంచిర్యాల:
ఇక్కడ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 21 లోపు వాళ్లు కారు టెస్టుకు పోవాలంటే లాగ్‌బుక్‌లో 120 గంటల డ్రైవింగ్ చూపించాలి, అందులో 20 గంటలు రాత్రిపూట. మా అబ్బాయితో ఆ గంటలన్నీ పక్కన కూర్చున్నది నేనే. ఆదివారం కూరగాయలకు పోయినా వాడే డ్రైవింగ్, గుడికి పోయినా వాడే. ఆ గంటల్లో మేమిద్దరం మాట్లాడుకున్నంత ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తర్వాత పీ1, అంటే ఎర్ర ప్లేటు, ఏడాది. ఆ తర్వాత పచ్చ ప్లేటు, మూడేళ్లు. ఎర్ర ప్లేటు ఉన్నప్పుడు 16 నుంచి 21 మధ్య వయసు దోస్తులు ఒక్కరికంటే ఎక్కువ కారులో ఉండకూడదు. ఫోన్ బ్లూటూత్‌లో కూడా మాట్లాడకూడదు. మందు సున్నా.

ఎనుమాముల అన్న అడిగినదానికి నా జవాబు: ఆ ప్లేటు వల్లనే ఇక్కడ రూల్ నడుస్తుంది. కారు చూడగానే వీడు కొత్తవాడని పోలీసుకు తెలుస్తుంది, పక్క డ్రైవర్‌కు తెలుస్తుంది, హారన్ కొట్టకుండా కొంచెం జాగా ఇస్తారు. మన దగ్గర బండి వెనక ఎర్ర స్టిక్కర్ ఒక్కటి ఏడాది పాటు ఉంచితే ఎంత ఖర్చు? కార్డు తీసి చూపించమనే పని కూడా ఉండదు.

ఎనుమాముల_వైపు:
అన్నా, ఆ బండి రేపు వాళ్ల నాన్న నడుపుతాడు, ఎల్లుండి తమ్ముడు. ఇంట్లో ఒకే బండి ఉన్నప్పుడు స్టిక్కర్ ఎవరిదని ఆపుతారు?

మెల్‌బోర్న్_మంచిర్యాల:
ఇక్కడా ఒకే కారు ఉన్న ఇళ్లున్నాయి. అయస్కాంతం ప్లేట్లు ఉంటాయి, పెద్దవాళ్లు నడిపేటప్పుడు తీసేస్తారు. బండికైతే హెల్మెట్ వెనక అంటించుకోవచ్చు, అప్పుడు అది మనిషిదే అవుతుంది, హెల్మెట్ కూడా పెట్టుకున్నట్టవుతుంది.

సుబేదారి_లాయర్:
చట్టం సంగతి నాలుగు మాటల్లో. మోటారు వాహనాల చట్టం 1988 కేంద్రానిది. లైసెన్స్ దశలు మార్చాలంటే ఢిల్లీలో జరగాలి, రాష్ట్రం ఒక్కటే చేయలేదు. 2019 సవరణలో సెక్షన్ 199ఎ అని చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. రైతన్న చెప్పిన తొమ్మిదో తరగతి పిల్లగాడి ఇంటికి ఈ సెక్షన్ ఎవరైనా చదివి వినిపించాలి.

ఇక అసలు విషయం. దశలవారీ అనే ఆలోచన మన చట్టానికి కొత్త కాదు. సెక్షన్ 4లో లారీ, బస్సు లాంటి ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి 20 ఏళ్లు నిండాలి అని ఉంది. సెక్షన్ 7లో, ఏడాది పాటు లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉంటేనే ట్రాన్స్‌పోర్ట్ వాహనం ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వాలి అని ఉంది. అంటే లారీ పట్టేవాడు ముందు చిన్న బండి మీద ఏడాది గడపాలని మన చట్టంలోనే రాసుకున్నాం. అదే తర్కం 100 సీసీ నుంచి 400 సీసీకి పోయేవాడికి ఎందుకు వర్తించదు? గేర్ ఉన్న మోటార్ సైకిల్ అని ఒకే కేటగిరీ. ఆ ఒక్క ముక్కతో స్ప్లెండర్ నుంచి 1000 సీసీ లీటర్ బైక్ దాకా ఏదైనా నడపొచ్చు. యూరప్‌లో 125 సీసీ వరకు ఒక లైసెన్స్, 35 కిలోవాట్ల వరకు ఇంకోటి, ఆ పైన మూడోది. మన చట్టంలో 16 ఏళ్లకు 50 సీసీ లోపు బండి నడపొచ్చని మెట్టు ఒకటి ఉంది కానీ, ఆ బండ్లు షోరూముల్లో కనబడక ఎన్నేళ్లో అయింది.

ఖని_బిడ్డ:
లాయర్ సార్, ఆ ఖాళీలోకే ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు వచ్చాయి. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటనివాటికి లైసెన్స్ అక్కర్లేదు, నంబర్ ప్లేటు అక్కర్లేదు. అమ్మేటప్పుడు అదే చెబుతారు. తర్వాత స్పీడ్ లాక్ తీయించి నలభై మీద నడిపే ఎనిమిదో తరగతి పిల్లలు మా కాలనీలోనే ఉన్నారు.

సుబేదారి_లాయర్:
లాక్ తీస్తే అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ కావాలి. ప్రమాదం జరిగితే మొత్తం తల్లిదండ్రుల మీద పడుతుంది.

ఎనుమాముల_వైపు:
తెలంగాణలో 2017లో పెనాల్టీ పాయింట్లు పెట్టారు కదా, రెండేళ్లలో 12 పాయింట్లు వస్తే లైసెన్స్ ఏడాది సస్పెండ్ అని. మీ ఎరుకలో ఎవరికైనా సస్పెండ్ అయ్యిందా? నేను అడిగేది అదే. రూల్ రాయడం వేరు, రోడ్డు మీద నిలబడి చూసే మనిషి వేరు.

డ్రైవింగ్‌సార్_హన్మకొండ:
తమ్మీ, నీ అనుమానం కొట్టిపారేయను. అయితే ఒకటి చూడు. ఇంజన్ సైజు కట్టుబాటుకు రోడ్డు మీద నిలబడే పోలీసు అంతగా అక్కర్లేదు. షోరూమ్‌లో బండి రిజిస్ట్రేషన్ అయ్యేటప్పుడే ఆపొచ్చు, ఇన్సూరెన్స్ దగ్గర ఆపొచ్చు. రాత్రి కట్టుబాటుకు మనిషి కావాలి, దీనికి కంప్యూటర్ చాలు. అందుకే మూడింట్లో ముందు ఏది అడగాలంటే నేను ఇంజన్‌దే అడుగుతా. రెండోది గంటలు. గుర్తింపు ఉన్న డ్రైవింగ్ ట్రైనింగ్ సెంటర్లలో కారు కోర్సుకు నాలుగు వారాల్లో 29 గంటలు అని కేంద్రం పెట్టింది, అందులో 21 గంటలు ప్రాక్టికల్. ఆ సెంటర్‌కు పోకుండా నేరుగా టెస్టుకు వచ్చేవాళ్లకు మాత్రం గంటల లెక్కే లేదు. అది ముందు సరిచేయాలి.

కేయూ_క్రాస్‌రోడ్స్:
సార్, ఇంజన్ సంగతి నేను ఒప్పుకుంటాను. మా క్లాసులో నాన్నతో గొడవపడి 390 సీసీ బండి కొనిపించుకున్నవాడికి అది తిప్పడమే రాదు, యూనివర్సిటీ లోపల స్పీడ్ బ్రేకర్ దగ్గరే పడ్డాడు. ఏడాది 125 లోపు అంటే ఎవరి చదువూ ఆగదు, డెలివరీ కూడా ఆగదు, పైగా పెట్రోల్ మిగులుతుంది. వెనక కూర్చునేవాళ్ల సంగతిలో సిస్టర్ చెప్పింది చదివాక మాట్లాడడానికి ఏమీ లేదు. కానీ రాత్రి పది అనేదానికి ఇప్పటికీ ఒప్పుకోను. డ్యూటీ కార్డు ఉంటే వదలాలి అంటున్నారు, డెలివరీ వాళ్లకు డ్యూటీ కార్డు ఎవరిస్తారు? యాప్ చూపిస్తే సరిపోతుందా? దానికి జవాబు రాసేదాకా నా ఓటు లేదు.

ఖని_బిడ్డ:
యాప్‌లో ఆ టైంకు ఆర్డర్ ఉందా లేదా కనబడుతుంది కదా తమ్మీ. ఆర్డర్ ఉంటే పోనివ్వాలి. నేనైతే అట్లాగే రాస్తా.

నయీంనగర్_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో మా వాడితో కూర్చుని ఇదంతా చదివించాను. 200 సీసీ వద్దు, 125 తీసుకుందాం అన్నాడు, కొంచెం మొహం ముడుచుకునే అన్నాడు. రాత్రి క్లాసు సంగతి అడిగితే సరే అన్నాడు. డ్రైవింగ్ సార్, మీరు బండి మీద కూడా హసన్‌పర్తి రోడ్డులో రాత్రి నేర్పిస్తారా, కారు వాళ్లకేనా? టెస్టు అయిపోయినా సరే పంపిస్తాను.

డ్రైవింగ్‌సార్_హన్మకొండ:
నేర్పిస్తా అన్నా. వాడి బండి మీద వాడు, వెనక నా బండి మీద నేను. వాన లేని రోజు ఏడున్నరకు పంపండి. వాడి హెల్మెట్ అద్దం గీతలు పడి ఉంటే ముందే మార్పించండి, రాత్రి ఎదురు లైటుకు ఆ గీతలతో ఏమీ కనబడదు.